ఈత నేర్పకుండా ఏట్లో దింపినవారికి ఒక ఉత్తరం

ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ ఐర్లండ్ బోర్డు సభ్యులకు,
అబ్బట్స్‌టౌన్, డబ్లిన్.

అయ్యా, అమ్మా,

నేను డన్‌డాక్‌లో ఉంటాను. ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. వారమంతా కంప్యూటర్ ముందు, శనివారం పొద్దున్న మాత్రం ఎనిమిదేళ్ళ పిల్లల వెనకాల. మా చిన్నవాడు ఆడే క్లబ్బులో కోచ్‌లు చాలడం లేదంటే మొహమాటానికి చెయ్యెత్తాను, ఇప్పటికీ దించలేదు.

ఈ ఉత్తరం ఇంగ్లీషు కాపీ మీకు పోస్టులో వస్తుంది. ముందు తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఈ దేశంలో పిల్లల బూట్లకి లేసులు కట్టి, గొడుగు పట్టుకుని మైదానం పక్కన నిలబడే తెలుగు అమ్మానాన్నలు చాలామంది ఉన్నారు. మా ఊరి ఆటగాడి కథ వాళ్ళకీ తెలియాలి. ఆ ఆటగాడి పేరు స్టీవ్ స్టాంటన్.

అసలు విషయానికి ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. పిల్లలకి కోచింగ్ ఇస్తానన్నాక మీవాళ్ళు నన్ను ఊరికే మైదానంలోకి రానివ్వలేదు. పోలీసు వెరిఫికేషన్ అన్నారు, పిల్లల భద్రత మీద క్లాసు అన్నారు, ఆ తర్వాత కోచింగ్ తొలి మెట్టు కోర్సు. నేను విసుక్కోలేదు, అది సబబే. పైగా కాలేజీ రోజుల్లో ఇంటర్ కాలేజియేట్ ఆడినవాణ్ణి, నాకు కొత్తగా నేర్పేదేముంది అనుకుంటూ వెళ్ళాను. సన్నటి తుంపర పడుతోంది. నా వంతు రాగానే ఆరు కోన్లు వరసగా పెట్టి, పిల్లల్ని లైన్‌లో నిలబెట్టి, ఒక్కొక్కరే బంతిని వాటి మధ్య నుంచి తీసుకెళ్ళమన్నాను. చూడ్డానికి భలే ముచ్చటగా ఉంది. నేర్పే ఆయన ఏమీ అనలేదు. చేతిలో గడియారం పెట్టుకుని మూడో పిల్లవాణ్ణి చూపించి, 'ఈ రెండు నిమిషాల్లో వాడు బంతిని ఎన్నిసార్లు తాకాడో చెప్పండి' అన్నారు. ఒక్కసారి కూడా తాకలేదు. లైన్‌లో నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు. ఆడటం వేరు, ఆడించడం వేరు అని ఆ ముక్కు తుడుచుకునే పిల్లవాడు నాకు నేర్పాడు.

ఎనిమిదేళ్ళ పిల్లల దగ్గరే ఇంత జాగ్రత్త పడే సంస్థ, 2006 జనవరిలో దేశపు జట్టుని ఎవరి చేతికి ఇచ్చింది? ఒక్క రోజైనా ఏ జట్టుకీ మేనేజర్‌గా (జట్టుని ఎంచి, నడిపించే పెద్ద కోచ్‌ని ఇక్కడ అలా అంటారు) పనిచేయని మనిషికి. ఆయనకి 37 ఏళ్ళు అటూ ఇటూ. ఇంగ్లండ్ మూడో అంచె లీగులో ఉన్న వాల్సాల్‌లో ఇంకా ఆడుతూ, పక్కన కొంత కోచింగ్ పని చూసుకుంటున్నాడు. అంతకుముందు మేనేజర్ బ్రయన్ కెర్‌ని పంపించాక, ప్రపంచ స్థాయి మేనేజ్‌మెంట్ వస్తుందని మీ అప్పటి సీఈఓ గారు దేశాన్ని ఊరించారు. తీరా వచ్చింది స్టాంటన్.

ఆటగాడిగా ఆయన్ని తక్కువ చేస్తున్నాననుకోకండి. చేస్తే మా వీధిలో నన్ను బతకనివ్వరు. పుట్టింది డ్రాహెడాలో, పెరిగింది ఇక్కడే. కుర్రతనంలో ఐర్లండ్ సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ కూడా ఆడాడు. 1986లో డన్‌డాక్ క్లబ్బు నుంచి లివర్‌పూల్ ఆయన్ని 20 వేల పౌండ్లకి తీసుకుంది. ఆ డబ్బుకి అప్పట్లో ఏం వచ్చేదని మా పక్కింటి పెద్దాయన్ని అడిగితే, 'ఓ మోస్తరు ఇల్లు, అదీ బేరమాడితే' అని నవ్వాడు. ఇరవై ఏళ్ళకే లివర్‌పూల్‌కి లెఫ్ట్ బ్యాక్. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరోలో, తమ అభిమానులు 97 మందిని బలిగొన్న ఆ తొక్కిసలాట జరిగినప్పుడు మైదానంలో ఉన్న పదకొండు మందిలో ఆయన ఒకడు. ఆ తర్వాతి నెలలోనే ఎఫ్ఏ కప్పు గెలిచారు, మరుసటి ఏడాది లీగు టైటిల్. 1991లో ఆస్టన్ విల్లా 11 లక్షల పౌండ్లిచ్చి కొనుక్కుంది. ఐరిష్ ఆటగాళ్ళని కూడా 'విదేశీ' కోటాలో వేసే అప్పటి యూరప్ నిబంధన ఆ అమ్మకానికి ఒక కారణమని చెప్పుకునేవారు. విల్లాతో 1994లో లీగ్ కప్పు, తర్వాత మళ్ళీ లివర్‌పూల్. 1999లో ఎవర్టన్ మ్యాచ్‌లో గోల్‌కీపర్‌కి రెడ్ కార్డ్ పడింది. మార్చడానికి సబ్‌స్టిట్యూట్లు ఎవరూ మిగల్లేదు. అప్పుడు గ్లోవ్స్ తొడుక్కుని గోల్‌లో నిలబడింది ఈయనే. ఎవరూ చేయనన్న పనికి ముందుకొచ్చే మనిషి. ఈ గుణమే ఆయన కొంప ముంచిందని నా అనుమానం, అక్కడికి మళ్ళీ వస్తాను.

దేశానికి 102 మ్యాచ్‌లు. ఐర్లండ్ ఇప్పటిదాకా మూడే ప్రపంచ కప్పులు ఆడింది: 1990, 1994, 2002. ఆ మూడింట్లో కలిపి 13 మ్యాచ్‌లు. పదమూడింట్లోనూ బరిలోకి దిగిన ఆటగాడు ఒక్క స్టాంటన్. 1994లో ఓర్లాండోలో మెక్సికోతో మిట్టమధ్యాహ్నం మ్యాచ్. జాతీయ గీతం పాడేటప్పుడు అందరూ ఉత్త తలలతో నిలబడితే ఈయన తెల్ల టోపీ పెట్టుకుని ఎర్రగా కమిలిన మొహంతో ఉన్న ఫొటో ఇక్కడ ప్రతి పబ్బులోనూ ఉంటుంది. రోహిణి కార్తెలో రాజమండ్రి రోడ్ల మీద నడిచినవాణ్ణి కాబట్టి ఆ మొహం చూస్తే నాకు జాలేస్తుంది. తట్టుకోలేని ఎండ అది, అయినా ఆడాడు.

2002 ప్రపంచ కప్పుకి ముందు సైపాన్ దీవి శిబిరంలో అప్పటి కెప్టెన్ రాయ్ కీన్, మేనేజర్ మిక్ మెకార్తీ గొడవపడి, కీన్ ఇంటికి వెళ్ళిపోయినప్పుడు దేశం రెండుగా చీలింది. ఆ రాత్రి మెకార్తీ పక్కన ప్రెస్ ముందు కూర్చున్న సీనియర్లలో స్టాంటన్ ఒకడు. ఆ తర్వాత కెప్టెన్ ఆయనే. ఆ ప్రపంచ కప్పులో జపాన్‌లోని ఇబరాకిలో జర్మనీతో ఆడింది ఆయనకి వందో మ్యాచ్. తొంభై నిమిషాలు దాటాక కలిపిన అదనపు నిమిషాల్లో రాబీ కీన్ గోల్ కొట్టి 1-1 చేశాడు. ఆఖరి మ్యాచ్ కొరియాలోని సువాన్‌లో స్పెయిన్‌తో, పెనాల్టీల్లో ఓటమి. అక్కడితో దేశం తరఫున ఆట ముగించాడు.

అంటే మీరు తెచ్చుకున్న మనిషి మామూలువాడు కాదు. ఆ గొప్పతనమే ఈ ఉద్యోగానికి సరిపోతుందని మీరు అనుకోవడంలోనే వచ్చింది చిక్కంతా.

1990లో ఇటలీలో ప్రపంచ కప్పు ఆడిన ఐర్లండ్ జట్టునే చూడండి. ఆ జట్టు డిఫెండర్లలో నలుగురు తర్వాత మేనేజర్లయ్యారు. కెప్టెన్ మిక్ మెకార్తీ 1992లో ఇంగ్లండ్ క్లబ్బు మిల్‌వాల్ పగ్గాలు పట్టుకుని, నాలుగేళ్ళు అక్కడ చేతులు కాల్చుకుని, ఆ తర్వాతే 1996లో మీ దగ్గరికి వచ్చాడు. క్రిస్ హ్యూటన్ ఆట మానేశాక టాటెన్‌హామ్‌లో పద్నాలుగేళ్ళు కోచ్‌గా ఉన్నాడు. ఎంతమంది మేనేజర్లు వచ్చి పోయినా ఆయన మాత్రం అక్కడే కోన్లు సర్దుకుంటూ గడిపాడు. తర్వాత న్యూకాసిల్‌ని 2010లో, బ్రైటన్‌ని 2017లో ప్రీమియర్ లీగ్‌కి తీసుకొచ్చాడు. ఇక డేవిడ్ ఓలియరీ. ఆ ప్రపంచ కప్పులో రొమేనియాతో ఆడిన మ్యాచ్‌లో స్టాంటన్‌ని బయటికి పిలిచి లోపలికి పంపింది ఈయన్నే. ఆఖరి పెనాల్టీ కొట్టి దేశాన్ని క్వార్టర్ ఫైనల్‌కి చేర్చిందీ ఈయనే. లీడ్స్‌లో జార్జ్ గ్రాహమ్ కింద రెండేళ్ళు అసిస్టెంట్‌గా ఉండి, 1998లో పగ్గాలు అందుకుని, 2001లో ఛాంపియన్స్ లీగ్ సెమీ ఫైనల్ దాకా వెళ్ళాడు.

ముగ్గురూ ఎక్కడో ఒకచోట, పెద్దగా ఎవరి కళ్ళూ పడని చోట పని నేర్చుకున్నారు. తప్పు చేస్తే ఆ ఊరి పేపర్‌లో రెండు కాలమ్‌లు వచ్చేవి, అంతే. నాలుగోవాడికి మాత్రం మీరు తిన్నగా దేశపు జట్టునే ఇచ్చారు. ఈత రానివాణ్ణి ఒడ్డు పక్కన మోకాలి లోతులో దింపరా ఎవరైనా? నడి గోదాట్లో దింపారు. తోడుగా బాబీ రాబ్సన్‌ని సలహాదారుగా పెట్టామన్నారు. ఆ పెద్దమనిషికి అప్పటికే డెబ్భై దాటింది. ఆ ఆగస్టులోనే మెదడులో కణితికి ఆపరేషన్ జరిగింది. ఆయన జబ్బు మీ తప్పు కాదు. కానీ మొత్తం ఏర్పాటంతా ఒక వృద్ధుడి ఆరోగ్యం మీద నిలబెట్టడం మాత్రం మీ తప్పే. ఆ ఒక్క గుంజ కూలాక ఇంకో గుంజ పాతారా? లేదు.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు, త్వరగా చెప్పేస్తాను. మొదటి మ్యాచ్‌లో స్వీడన్ మీద 3-0. ఊరంతా పండగ. ఆగస్టులో నెదర్లాండ్స్ చేతిలో సొంత గడ్డ మీద 0-4. సెప్టెంబర్‌లో స్టుట్‌గార్ట్‌లో జర్మనీతో 0-1, ఆ కోపంలో నీళ్ళ సీసాని తన్నినందుకు రిఫరీ ఆయన్ని స్టాండ్స్‌లోకి పంపాడు. అక్టోబర్ 7న నికోసియాలో సైప్రస్‌తో 2-5. ఫిబ్రవరిలో సాన్ మరీనో, అంటే మన మండలాల్లో ఒకదానికంటే చిన్న దేశం, దాన్ని ఆఖరి క్షణంలో స్టీఫెన్ ఐర్లండ్ గోల్ కొడితేగానీ గెలవలేకపోయాం. పదవి తీసుకున్న కొత్తలో ప్రెస్ ముందు బాస్‌ని నేనే, గాఫర్‌ని నేనే అన్న పాపానికి, ఆ 'గాఫర్' మాట (ఇక్కడి వాడుకలో అదీ బాస్ అనే) దేశమంతటా వెక్కిరింత అయిపోయింది. మా ఆఫీసులో ఎవరైనా మీటింగ్‌కి ఆలస్యంగా వస్తే 'రండి గాఫర్' అనేవాళ్ళు. నేనూ అన్నాను. ఒప్పుకుంటున్నాను.

2007 అక్టోబర్ 17న క్రోక్ పార్క్‌లో సైప్రస్‌తో మ్యాచ్‌కి వెళ్ళాను. ఆఫీసులో ఒకతను టికెట్టు మిగిలిందంటే వెళ్ళాను తప్ప, అప్పటికి నాకు ఆఫ్‌సైడ్ తప్ప పెద్దగా ఏమీ తెలియదు. పై అంతస్తులో సీటు. చలి. సైప్రస్ గోల్ కొట్టాక నా చుట్టూ జనం అరవడం మొదలెట్టారు, అదీ ఆటగాళ్ళ మీద కాదు. కిందుగా, టచ్‌లైన్ దగ్గర నల్ల కోటులో నిలబడ్డ ఒక్క మనిషి మీద. ఆట చివర్లో స్టీవ్ ఫినన్ గోల్ కొట్టి 1-1 చేశాడు. గోల్ పడింది కదా అని నేను లేచి చప్పట్లు కొట్టాను. మా వరసలో ఇంకెవరూ లేవలేదు. నా పక్కన కూర్చున్న అరవై ఏళ్ళాయన నా వంక ఒకసారి చూసి, థర్మాస్ ఫ్లాస్కు మూత బిగించుకుని, మెట్లు దిగిపోయాడు. ఆయన మఫ్లర్ మీద 1990 ఇటలీ అని కుట్టి ఉంది. పదిహేడేళ్ళ కిందట ఆ జట్టులోని కుర్ర లెఫ్ట్ బ్యాక్ కోసం ఆయన ఎన్నిసార్లు లేచి నిలబడి ఉంటాడో.

వారం తిరక్కుండా మీరు స్టాంటన్‌ని తీసేశారు.

మొత్తం 17 మ్యాచ్‌లు: 6 గెలుపు, 6 డ్రా, 5 ఓటమి. 2008 యూరో కప్పు అర్హత గ్రూపులో చెక్ రిపబ్లిక్, జర్మనీల తర్వాత మూడో స్థానం. నిజం చెప్పాలంటే అంత ఘోరమైన లెక్కేం కాదు. ఆ 2-5, ఆ సాన్ మరీనో లేకపోతే జనం మర్చిపోయి ఉండేవారు. అలాగని ఆయన తప్పేం లేదని వాదించను. నికోసియాలో ఐర్లండ్ డిఫెన్స్ చూస్తే, జీవితమంతా డిఫెండర్‌గా ఆడిన మనిషి తయారు చేసిన జట్టు ఇదా అనిపిస్తుంది. ఒప్పుకునేముందు ఆయనా ఆలోచించుకోవాల్సింది. ఇందాక అన్నాను కదా, గ్లోవ్స్ తొడుక్కునే గుణం. దేశం పిలిచింది, వెళ్ళాడు. సొంత ఊళ్ళో అమ్మానాన్నల ముందు 'నాకు ఇంకా రాదు, నాలుగేళ్ళు ఆగండి' అనగలిగేవాళ్ళు ఎంతమంది? కాదనాల్సిన బాధ్యత ఆయనకంటే మీకే ఎక్కువ ఉండింది. ఉద్యోగం అడిగేవాడి కన్నా ఇచ్చేవాడికి కదా పని తెలియాలి.

తిలా పాపం తలా పిడికెడు అంటారు మా వైపు. ఈ కథలో మాత్రం పిడికెళ్ళన్నీ ఒక్కడి కొంగులోనే పోశారు. ఆయన్ని ఎంచినవాళ్ళు ఆ తర్వాతా కుర్చీల్లోనే ఉన్నారు. స్టాంటన్‌కి 2009లో ఇంగ్లండ్ నాలుగో అంచెలో, అప్పటికే అడుగున మునుగుతున్న డార్లింగ్‌టన్ దొరికింది. 23 మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచాడు. 2010 మార్చికల్లా అదీ పోయింది. మొదట డార్లింగ్‌టన్ లాంటి చోట మొదలెట్టి, ఓడి, నేర్చుకుని, పైకి వచ్చి ఉంటే ఏమయ్యేదో. ఆయన నిచ్చెనని తలకిందులుగా ఎక్కాల్సి వచ్చింది.

అనుభవం ఉంటే చాలు, గెలిచేస్తారు అని కూడా నేననడం లేదు. మా డన్‌డాక్‌కి నాలుగు లీగు టైటిళ్ళు తెచ్చిన స్టీఫెన్ కెన్నీని మీరు 2020లో తీసుకున్నారు. కింది నుంచి మెట్టు మెట్టు ఎక్కినవాడు. అయినా 2023 చివరికి ఆయనా వెళ్ళిపోవాల్సి వచ్చింది. మా ఊళ్ళో కొందరు ఆ గాయం ఇంకా మానలేదంటారు. కానీ కెన్నీ ఓడినప్పుడు, ఏం చేయబోయి ఓడాడో జనానికి తెలుసు. స్టాంటన్ విషయంలో ఏం చేయబోయాడో ఆయనకైనా తెలుసా అని నా అనుమానం.

ఇప్పుడు మీ దగ్గరున్న హైమిర్ హాల్‌గ్రిమ్సన్ సంగతి చూడండి. చదువుకి పళ్ళ డాక్టరు. ఐస్‌లాండ్‌లో ఒక చిన్న దీవిలో ఆడపిల్లల జట్టుకి కోచింగ్ ఇచ్చాడు, మగవాళ్ళ జట్టుకి ఇచ్చాడు, అప్పటి ఐస్‌లాండ్ కోచ్ లార్స్ లాగర్‌బ్యాక్ పక్కన ఏళ్ళ తరబడి నిలబడి నేర్చుకుని 2018లో ఐస్‌లాండ్‌ని ప్రపంచ కప్పుకి తీసుకెళ్ళాడు. ఆటగాడిగా ఆయన ఫొటో ఏ పబ్బులోనూ ఉండదు. మా హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అని ఒకాయన ఉండేవారు. వృత్తికి బడి పంతులు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకి బంగారు పతకం తెచ్చిన కోచ్ ఆయనే. పళ్ళ డాక్టర్లనీ పంతుళ్ళనీ చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది. వాళ్ళకి పేరు లేదు కాబట్టి పని నేర్చుకోక తప్పలేదు.

హాల్‌గ్రిమ్సన్ పక్కన జాన్ ఓషే ఉన్నాడు. డిఫెండర్, 118 మ్యాచ్‌లు. స్టాంటన్ మేనేజర్‌గా ఉన్నప్పుడు ఆ జట్టులో ఆడినవాడు. ఒక చిత్రం చూడండి: ఓషే వందో మ్యాచ్ కూడా జర్మనీతోనే, 2014లో గెల్సెన్‌కిర్హెన్‌లో, అదీ 1-1, అదనపు నిమిషాల్లో గోల్ కొట్టింది తనే. 2019లో ఆట మానేసి రెడింగ్‌లో కోచ్‌గా మొదలెట్టాడు, తర్వాత స్టోక్, బర్మింగ్‌హామ్. కెన్నీ వెళ్ళాక దాదాపు ఎనిమిది నెలల పాటు మీకు మనిషి దొరక్కపోతే, 2024లో నాలుగు మ్యాచ్‌లకి తాత్కాలికంగా జట్టుని చూసుకున్నాడు. బెల్జియంతో 0-0, హంగరీ మీద 2-1. అప్పుడు పేపర్లలో, రేడియోల్లో, మా క్లబ్బు గేటు దగ్గర కూడా ఒకటే మాట: 'ఓషేకే ఇచ్చేయొచ్చు కదా, మనవాడు, మంచివాడు.' ఆ మాట వినగానే నాకు క్రోక్ పార్క్‌లో ఆ థర్మాస్ ఫ్లాస్కు గుర్తొచ్చింది. మీరు ఇవ్వలేదు, ఆయన్ని అసిస్టెంట్‌గా ఉంచారు. ఈ ఒక్క నిర్ణయానికి మాత్రం మనస్ఫూర్తిగా చెప్తున్నాను, మంచి పని చేశారు.

ఇక నేను అడిగేది. తర్వాతి మేనేజర్‌ని ఎంచేటప్పుడు ఏ పని అనుభవం చూశారు, ఎందుకు చాలనుకున్నారు అన్నది రాతపూర్వకంగా జనం ముందు పెట్టండి. రెండు పేజీలు చాలు. దేశానికి ఆడి రిటైరైనవాళ్ళు కోచింగ్‌లోకి రావాలనుకుంటే, జీతమిచ్చి ముందు మన లీగు క్లబ్బుల్లోకి పంపండి, డన్‌డాక్‌కో డ్రాహెడాకో స్లైగోకో. మా డన్‌డాక్ మైదానం ఓరియల్ పార్క్‌లో నవంబర్ శుక్రవారం రాత్రి వానలో ఓడిపోయే భాగ్యం వాళ్ళకి కలిగించండి. అక్కడ అరిచేవాళ్ళు కొన్ని వేల మందే.

ఇంకొకటి, ఇది కాస్త చిన్న కోరిక. 2006 నాటి ఆ ఎంపికలో తప్పు సంస్థది కూడా అని ఇన్నేళ్ళకైనా ఒక్క వాక్యం రాయండి. పోయిన శనివారం ప్రాక్టీసు అయ్యాక మా చిన్నవాడు ఫోన్‌లో స్టీవ్ స్టాంటన్ ఎవరని వెతికాడు. మొదట వచ్చింది సైప్రస్ స్కోరు. 'నాన్నా, ఈయన మన ఊరివాడా? ఐదు గోల్స్ తిన్నాడా?' అన్నాడు. బూట్ల మట్టి దులుపుతూ, ఓర్లాండో టోపీ ఫొటో దొరికేదాకా వాడి చేత కిందికి స్క్రోల్ చేయించాను. చాలా కిందికి వెళ్ళాల్సి వచ్చింది.

ఇట్లు,
ఎనిమిదేళ్ళ లోపు జట్టు రెండో కోచ్,
డన్‌డాక్, లౌత్ కౌంటీ